ఒక్క పేరు మీద ముగ్గురు

మా హోటల్లో మాసయ్య ఏడేళ్లలో ఒక్క రోజు నాగా పెట్టలేదు. హాజరు పట్టీ తీసి చూస్తే అదే కనిపించేది. జ్వరం లేదు, చుట్టం చావు లేదు, పంట కోత లేదు. వారానికొక సెలవు తప్ప అన్ని గడుల్లోనూ హాజరే. అందులో అబద్ధం ఏమీ లేదు. పని ఉన్న ప్రతి రోజూ మాసయ్య వచ్చాడు, పప్పు రుబ్బాడు, పోయాడు. కాకపోతే అలా వచ్చినవాళ్లు ముగ్గురు.

హోటల్ చిక్కడపల్లిలో లైబ్రరీకి పోయే దారిలో ఉండేది. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు. లైబ్రరీలో పరీక్షలకు చదువుకునే పిల్లలే సగం గిరాకీ. పుస్తకంలో పనివాళ్లు ఇరవై రెండు మంది. ఇరవై మంది ఉంటే పీఎఫ్, ఈఎస్‌ఐ తప్పదు. చాలామంది హోటళ్లవాళ్లు పంతొమ్మిది దగ్గర ఆపేసి, మిగతావాళ్లు మా చుట్టాలు అని చెప్పేవాళ్లు. నాకు అది చేతకాలేదు. చుట్టాలని చెప్తే ఎవరు ఏం వరస అయ్యేదీ రోజూ గుర్తుపెట్టుకోవాలి. దానికంటే చలానా కట్టడం సులువు. పీఎఫ్‌కు పదిహేనో తారీఖు, ఈఎస్‌ఐకి ఇరవై ఒకటి. ఆ తారీఖులు నేను ఒక్కసారి కూడా దాటనివ్వలేదు. బ్యాంకు వరసలో నేనే నిలబడేవాణ్ని. చట్టం అంటే తారీఖు తప్పకపోవడమే అనుకునేవాణ్ని.

మాసయ్యది మక్తల్ దగ్గర పల్లె. అన్నదమ్ములు ముగ్గురు. మాసయ్య పెద్దవాడు, ఈదయ్య నడిమివాడు, లక్ష్మయ్య చిన్నవాడు. నాలుగెకరాల మెట్ట చెలక ఉంది. ముగ్గురూ అక్కడే ఉంటే తిండికి చాలదు. ముగ్గురూ పట్నం వస్తే చెలక పడావు పడుతుంది. అందుకని వంతు పెట్టుకున్నారు. నాలుగు నెలలు ఒకడు మా దగ్గర గ్రైండర్ మీద ఉంటాడు, మిగతా ఇద్దరూ ఊళ్లో ఉంటారు. వంతు మారే రోజు కొత్తవాడు తెల్లారుతూనే బస్సు దిగి నేరుగా హోటల్‌కు వచ్చేవాడు. పాతవాడు చేతులు కడుక్కుని, నానబెట్టిన పప్పు ఎంత ఉందో చెప్పి, సంచీ తీసుకుని పోయేవాడు. అశోక్‌నగర్ నాలా పక్కన బస్తీలో వాళ్ల కిరాయి అర్ర ఒకటే, చాప ఒకటే, గిన్నె ఒకటే. నాకు గ్రైండర్ దగ్గర మనిషి లేని రోజు ఎన్నడూ రాలేదు.

పాలమూరు నుంచి వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. పని చేసే జాగ ఒక ఇంటిది. ఆ ఇంట్లోంచి ఎవరొస్తారన్నది ఆ ఇంటి సంగతి. నేను అడిగేవాణ్ని కాదు.

మొదటిసారి పుస్తకంలో పేర్లు ఎక్కినప్పుడు వంతు మాసయ్యది. ఆయన పేరు పడింది. నాలుగు నెలలకు ఈదయ్య వచ్చాడు. పేరు మార్చాలా అని అప్పట్లో లెక్కలు రాసే ముసలాయనను అడిగాను. కొత్త పేరంటే పోయినవాడికో ఫారం, వచ్చినవాడికో ఫారం, తండ్రి పేరు, వారసుడి పేరు, ఏడాదికి మూడుసార్లు ఇదే తంతు అన్నాడు. జాగ మారనప్పుడు పేరెందుకు మారాలి అన్నాడు. ఈదయ్యను అడిగితే, ఎవరి పేరైతే ఏంది, ఇల్లు ఒకటే కదా అన్నాడు. నాకూ సబబే అనిపించింది. ఏడేళ్లు అలాగే నడిచింది.

తొంభై ఆరు ఆషాఢంలో ఈదయ్య వంతు నడుస్తోంది. ఒకరోజు మా వంటామె నర్సింహమ్మ నా దగ్గరికి వచ్చి, గ్రైండర్ రాయి ఎత్తేటప్పుడు వాడి చెయ్యి ఒకటి పొత్తికడుపు మీదికి పోతోంది, చూశావా శేటు అంది. నేను చూడలేదు. ఆ రోజు చూశాను. ఒక చేత్తో రాయి లేపుతున్నాడు, రెండో చేత్తో గజ్జల దగ్గర అదిమి పట్టుకుంటున్నాడు. అడిగితే ఏం లేదన్నాడు. నర్సింహమ్మ వదల్లేదు. వంటింటి వెనక నిలబెట్టి అడిగితే అప్పుడు చెప్పాడు. అక్కడ నిమ్మకాయంత ఉబ్బింది. పడుకుంటే లోపలికి పోతుంది, రాయి ఎత్తితే బయటికి వస్తుంది.

నారాయణగూడలో ఒక డాక్టరుకు చూపించాను. పేగు జారిందన్నాడు. హెర్నియా. కోసి కుట్టాలి, ఎనిమిది వేలు అవుతుంది, ఆలస్యం చేస్తే పేగు బిగుసుకుని ప్రాణం మీదికి వస్తుంది అన్నాడు. బరువు ముట్టవద్దన్నాడు. బరువు ముట్టకపోతే ఈదయ్యకు ఇక్కడా పని లేదు, ఊళ్లోనూ పని లేదు.

ఎనిమిది వేలు నేను ఇస్తానన్నాను. ఈదయ్య మెట్ల మీదే ఆగిపోయాడు.

"వద్దు శేటు. మా నాయిన ఒక్కసారి బయాన తీసుకుండు. పదేండ్లు డ్యాముల కాడ మట్టి మోసిండు. ఆ పైసలు ఎన్నడు తెగలే."

ఇది బయానా కాదు, ఊరికే ఇస్తున్నా అన్నాను.

"ఊరికే ఇచ్చినోణ్ణి నేనైతే సూడలే" అన్నాడు.

అంతలో వాడే అన్నాడు, కార్డు ఉంది కదా అని. మాసయ్య పేరు మీద ఈఎస్‌ఐ కార్డు ఉంది. మూడేళ్ల కింద మాసయ్యకు ఇరవై నాలుగు గంటల కడుపునొప్పి, అదే అపెండిసైటిస్, వస్తే ఆ కార్డు మీదే పెద్దాసుపత్రిలో కోశారు. పైసా తీసుకోలేదు. జీతంలోంచి నెలనెలా కోసుకున్నది అందుకే కదా, ఆ పైసలు ఇప్పుడు నాకు పనికొస్తాయి అన్నాడు. నర్సింహమ్మ కూడా అదే అంది. పేరు అన్నయ్యది, రోగం తమ్ముడిది, రక్తం ఒకటే అంది. సరే పొమ్మన్నాను. మర్నాడు పొద్దున ఈదయ్య గడ్డం గీయించుకుని, మాసయ్య కార్డు చొక్కా జేబులో పెట్టుకుని డిస్పెన్సరీకి పోయాడు.

మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. ఏమైందో వంటింట్లో నిలబడి చెప్తుంటే అంట్లు తోమేవాళ్లు కూడా పని ఆపి విన్నారు. డాక్టరు మంచి మనిషేనట. ఉబ్బును చూసి కోయాల్సిందే అన్నాడట. తర్వాత పాత కాగితాలు తిరగేశాడట. కడుపు కుడివైపు వేలితో తడిమాడట, ఎడమవైపు తడిమాడట, మళ్లీ కాగితం చూశాడట. మూడేళ్ల కింద ఇక్కడ కోశారు కదా, ఆ కోత ఏదీ అని అడిగాడట.

"నువ్వేమన్నవు?" అని నర్సింహమ్మ అడిగింది.

"మానిపోయింది సారూ అన్న."

"దానికి ఆయనేమన్నడు?"

"మచ్చ గూడ లేకుంట మాన్పినాయన ఎవరో చెప్పు, పోయి దండ వేసొస్త అన్నడు."

అందరూ నవ్వారు. ఈదయ్య కూడా నవ్వబోయి గజ్జల దగ్గర చెయ్యి పెట్టుకుని ఆగాడు. డాక్టరు వాణ్ని తిట్టలేదు. ఒక కాగితం రాసిచ్చాడు. ఈ మనిషి ఎవరో యజమాని స్వయంగా రాసి, ఈఎస్‌ఐ లోకల్ ఆఫీసు మేనేజరుకు చూపించి పంపాలి, అప్పుడు ఆపరేషన్‌కు రాస్తాను అని అందులో ఉందని మాకు నర్మద చదివి చెప్పింది.

నర్మద అంటే మా రిజిస్టర్లు రాసే అమ్మాయి. వనపర్తి వైపు పల్లె. అశోక్‌నగర్ హాస్టల్లో ఉండి గ్రూప్-టూ పరీక్షకు చదివేది. ముసలాయన పోయాక నెలకు రెండు మధ్యాహ్నాలు వచ్చి రాసేది. రెండు పూటల భోజనం నా దగ్గర. మూడో తరగతి దాటని నాకు ఆమె రాతే ఆధారం. ఆ కాగితం చదివి, దాన్ని మడవకుండా కాసేపు అలాగే పట్టుకుంది.

"కాకా, మాసయ్య ఒక్కడు కాదా?"

కాదన్నాను. ఆమె పేర్లు ఏ నెలకానెల కిందటి నెల చూసి ఎక్కించేది. గ్రైండర్ దగ్గర మారుతున్న ముఖాలు చూసింది కానీ, ఆ ముఖాలకూ ఆ పేరుకూ లంకె ఉందని అనుకోలేదు. జీతం రోజున వేలిముద్రలు నేనే దగ్గరుండి వేయించేవాణ్ని. జీతాల పుస్తకం తెచ్చి ఆమెకు చూపించాను. పేర్లు చదవడం నాకు కష్టం కానీ ముద్రలు చూస్తే మనిషి తెలుస్తాడు. అడ్డంగా తెగిన గీత ఉన్నది ఈదయ్యది, చిన్నప్పుడు కొడవలి కోసుకుంది. సిరా సరిగా పట్టని మొద్దు ముద్ర మాసయ్యది. సన్నగా, నిండుగా పడేది లక్ష్మయ్యది. నాలుగు నెలలు మొద్దు ఉంటుంది, నాలుగు నెలలు గీత, నాలుగు నెలలు సన్నం. ఏడేళ్లూ అదే వరస.

నర్మద పుస్తకం మీదికి వంగిపోయింది. పెన్సిలు తీసుకుని ప్రతి ముద్ర పక్కనా చుక్కలు పెట్టసాగింది. ఇంకెవరైనా ఇలా ఉన్నారా అని అడిగింది. ఉన్నారన్నాను. ఎందరో ఎప్పుడూ లెక్కపెట్టలేదు. ఇద్దరం కూర్చుని లెక్కపెట్టాం. అంట్లు తోమే తిమ్మమ్మ పేరు మీద తల్లీ కూతురూ. కూరగాయలు కోసే జాగలో ఒక ఇంటి నుంచి ముగ్గురు. అలా ఆరు పేర్లు తేలాయి. ఆ ఆరు పేర్ల మీద పదిహేను మంది. పుస్తకంలో ఇరవై రెండు, మనుషులు ముప్పై ఒక్కరు.  రోజూ లెక్కపెట్టి ఇడ్లీలు పెట్టించే నేను, ఎంతమందికి జీతం ఇస్తున్నానో లెక్కపెట్టలేదు.

"సిలబస్‌ల గూడ ఇంత మంచి లెక్క లేదు కాకా" అంది నర్మద.

ఆ వారం ఆమె చదువు పక్కన పెట్టి లైబ్రరీలో ఈఎస్‌ఐ చట్టం పుస్తకం పట్టుకుంది. మూడో రోజున గబగబా వచ్చి, నేను బిల్లు తీసుకుంటుంటేనే చెప్పింది. కొత్తగా చేరినవాడికి కూడా పేరు ఎక్కిన రోజు నుంచే వైద్యం ఉంటుందట. ఏళ్ల తరబడి కట్టి ఉండక్కర లేదట. అంటే ఏడేళ్ల కింద ఈదయ్యను వాడి పేరుతోనే రాసి ఉంటే ఈ గొడవే లేదు. వాళ్లు అన్న కార్డు వాడుకోవాల్సిన అవసరమే ఎన్నడూ లేదు. సగం రోజు పని తప్పించుకోవడానికి ముసలాయనా నేనూ చేసిన ఉపాయం అది.

మరి ఇప్పుడు ఏం రాయాలి? నర్మద రెండు ఉత్తరాలు రాసి పెట్టింది. మొదటిదాంట్లో ఈదయ్య ఈ రోజే కొత్తగా చేరాడు, తెలియక అన్న కార్డు తీసుకుపోయాడు అని ఉంది. రెండోదాంట్లో జరిగింది జరిగినట్టు ఉంది. రెండూ చదివి వినిపించి, సంతకం నీది కాకా అని వెళ్లిపోయింది.

నారాయణగూడలో హోటల్ నడిపే మా బావమరిదిని అడిగాను. వాడు మూడో దారి చెప్పాడు. ఆ మనిషి నీ దగ్గర పనే చెయ్యలేదని చెప్పి చేతిలో రెండు వేలు పెట్టి ఊరికి పంపెయ్, ఒక్కడి పేరు కదిలిస్తే మిగతావన్నీ కదులుతాయి, పాత బాకీలు, వడ్డీ, కేసు, అన్నీ మెడకు పడతాయి అన్నాడు. వాడు చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. అదే నా భయం కూడా.

మర్నాడు ఈదయ్యను వెంటబెట్టుకుని లోకల్ ఆఫీసుకు పోయాను. రెండు ఉత్తరాలూ జేబులో ఉన్నాయి. నడిస్తే ఎక్కువ నొప్పి అని ఆటో ఎక్కించాను.  దిగాక, కోస్తరా కొయ్యరా శేటు అని అడిగాడు. 

మేనేజరు పేరు వెంకటరామయ్య. రిటైరుకు దగ్గరపడ్డ మనిషి. కళ్లజోడు ముక్కు చివరకు జారి ఉంది. డాక్టరు కాగితం చదివి, గుమాస్తాతో మా హోటల్ ఫైలు తెప్పించాడు. ఫైలు చాలాసేపు చూశాడు. కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు. ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"చెన్నయ్యగారూ, తొంభై మూడు శ్రావణంలో మీ మాసయ్య తొమ్మిది రోజులు మా ఆసుపత్రిలో మంచం మీద ఉన్నాడు. అదే తొమ్మిది రోజులు మీ హోటల్లో పనికి వచ్చాడు. ఇది ఎట్లా జరిగింది?"

ఆ తొమ్మిది రోజులు లక్ష్మయ్య వచ్చాడు. ఆ మాట చెప్పాను. అది చెప్పాక మిగతాది ఆగలేదు. మొదటి ఉత్తరం జేబులోనే ఉండిపోయింది.

ఆయన వింటూ మధ్యమధ్య అడిగేవాడు. వంతు ఎవరు నిర్ణయిస్తారు, ఇద్దరికీ ఒకే నెలలు కావాలంటే ఏం చేస్తారు, విత్తనాలప్పుడు ఎవరుంటారు, కొత్తగా వచ్చినవాడికి పని మళ్లీ నేర్పాలా. ఈదయ్య నిలబడే జవాబులు చెప్పాడు. వంతు అమ్మ నిర్ణయిస్తుంది, తగాదా వస్తే ఆమె ఎవరితోనూ మాట్లాడదు, అప్పుడు ముగ్గురూ దారికొస్తారు, పని ఇంట్లోనే చెప్పుకుని వస్తాం అన్నాడు. మేనేజరు వాణ్ని కూర్చోమన్నాడు. వాడు కూర్చోలేదు. కూర్చుంటే ఇంకా నొప్పి అని నేను చెప్పాను.

తర్వాత ఆయన నా వైపు తిరిగి, ముగ్గురిలో ఏ మాసయ్య మంచివాడు అని అడిగాడు. గ్రైండర్‌కు ఈదయ్య, మాటకు పెద్దవాడు, చిన్నవాడు కొంచెం ఎక్కువ తింటాడు అన్నాను. ఆయన మొదటిసారి నవ్వాడు.

"మా పుస్తకంలో మనిషంటే నంబరండీ. ఒక నంబరుకు ఒకటే కడుపు ఉండాలి. మీరు మూడు కడుపులు పెట్టారు."

చలానాలు ఎన్నడూ తప్పలేదు సార్ అన్నాను. అది ఫైల్లో కనపడుతూనే ఉంది, అందుకే ఇంకా విచిత్రంగా ఉంది అన్నాడు. దొంగ పేర్లు రాసేవాళ్లు డబ్బు కట్టరట. డబ్బు కట్టేవాళ్లు దొంగ పేర్లు రాయరట. ఇద్దరి పనీ ఒక్కడే చేయడం తన సర్వీసులో చూడలేదట.

ఆయన కొత్త ఫారం ఒకటి తీసి నా ముందు పెట్టాడు. ఇది నింపి ఇస్తే ఈదయ్యకు తాత్కాలిక చీటీ ఈ రోజే ఇస్తాను, ఆ చీటీ చూసి డాక్టరు ఆపరేషన్‌కు రాస్తాడు అన్నాడు. పేరు, తండ్రి పేరు, ఊరు గుమాస్తా రాశాడు. పనిలో చేరిన తేదీ దగ్గర పెన్ను ఆపి నా వైపు చూశాడు.

మేనేజరు చెప్పాడు, అక్కడ మీరేది రాయించి సంతకం పెడితే అది మీ మాట, ఆ మాటకు రేపు జవాబు చెప్పాల్సింది కూడా మీరే అని. ఈ రోజు తేదీ వేస్తే వెనక లెక్క ఏదీ ఉండదు. చీటీ వస్తుంది, ఆపరేషన్ అవుతుంది. అసలు తేదీ వేస్తే అప్పటి నుంచి ఆ మనిషి పేరు మీద కట్టలేదు కాబట్టి మళ్లీ కట్టాలి, వడ్డీతో. మాసయ్య నంబరులో పడింది తిరిగి రాకపోవచ్చు. పైకి రాసి చూస్తాను, మాట ఇవ్వలేను అన్నాడు.

నేను లెక్క వేసుకుంటున్నాను. ఆపరేషన్ ఎలాగూ అవుతుంది. ఈదయ్యకు కావాల్సింది అదే. వాడు అడిగింది కూడా అంతే. ఈ రోజు తేదీ వేస్తే ఎవరికీ నష్టం లేదు. అంతలో మేనేజరు నన్ను వదిలి వాణ్ని అడిగాడు, నీ జీతంలోంచి దీనికోసం ఎప్పటి నుంచి కోస్తున్నారయ్యా అని.

"ఏడేండ్ల సంది సార్" అన్నాడు ఈదయ్య. "నా వంతు నాలుగు నెలలు. మొదట్ల నెలకు ఆరు రూపాయలు. ఇప్పుడు పదమూడున్నర."

అర్ధ రూపాయి కూడా గుర్తుంది వాడికి. వాడు నా మీద ఫిర్యాదు చేయడం లేదు. అడిగినదానికి చెప్పాడు, అంతే. ఆ పదమూడున్నరను నేను నా చేత్తో పక్కకు తీసిపెట్టి బ్యాంకులో కట్టాను. తీసింది ఈదయ్య దగ్గర. కట్టింది మాసయ్యకు. ఏడేళ్లుగా నేను చేసింది అదేనని ఆ కుర్చీలో కూర్చున్నాక అర్థమైంది.

ఎనభై తొమ్మిది చైత్రం అని చెప్పాను. తేదీ సరిగా గుర్తులేదు, ముద్రల పుస్తకంలో చూసి చెప్తానన్నాను. గుమాస్తా సంవత్సరం రాశాడు. సంతకం పెట్టాను. ఈదయ్య వేలిముద్ర వేశాడు.

మేనేజరు చీటీ మీద ముద్ర కొట్టి వాడికి ఇచ్చాడు. ఇచ్చాక ఫైలు మూయకుండా, వేళ్లు దాని మీద పెట్టి ఉంచాడు.

"ఈ ఒక్క పేరేనా?"

బావమరిది మాట గుర్తొచ్చింది. లేదంటే సరిపోయేది. ఈదయ్య చీటీ ఈదయ్య చేతిలో ఉంది. కానీ మళ్లీ ఒకరోజు తిమ్మమ్మ కూతురు జ్వరంతో తల్లి కార్డు పట్టుకుని పోతుంది. డాక్టరు వయసు చూస్తాడు. ఈసారి దండ మాట అనకపోవచ్చు.

"ఆరు సార్" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆరు పేర్లకు ఎందరు అని అడిగాడు. పదిహేను మంది అన్నాను. ఆ పదిహేను మందినీ ఒక్కచోట చూడాలని ఉంది, అందరినీ ఒకే రోజు పిలిపించగలరా అన్నాడు. ఒక ఆదివారం తానే వస్తానన్నాడు. వెనక బాకీ గురించి అప్పుడే ఏమీ చెప్పలేదు. చెప్పకపోవడం మంచికో చెడుకో తెలియలేదు.

ఈదయ్యను నాలుగో రోజున ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఆరో రోజున కోశారు. ఆ పొద్దున నేను పోయాను. మంచం దగ్గర తగిలించిన అట్ట మీద పేరు ఏముందో చూశాను. ఈ, ద, య్య. కూడబలుక్కుని చదివాను. సరిపోయింది. ఊరి నుంచి వాడి భార్య ఎల్లవ్వ వచ్చింది. లక్ష్మయ్య కూడా వచ్చాడు, గ్రైండర్ మీదికి. ఆ రోజే నర్మద కొత్త ఫారం తెచ్చి వాడి పేరు ఎక్కించింది. వాడికి అది నచ్చలేదు. అన్న పేరుతోనే బాగుండె కదా శేటు, ఈ పేరుకు ఎవరు పలుకుతరు అన్నాడు. హోటల్లో చాలామంది వాణ్ని మాసయ్య అనే పిలిచేవాళ్లు. ఇప్పటికీ అలాగే పిలుస్తారు.

శ్రావణం రెండో ఆదివారం మధ్యాహ్నం హోటల్ మూసి పెట్టాం. ఊళ్ల నుంచి అందరికీ కబురు పంపాను. పొద్దున పది నుంచి రావడం మొదలుపెట్టారు. ఎప్పుడూ ఒకరి తర్వాత ఒకరు వచ్చేవాళ్లు ఆ రోజు ఒకరి పక్కన ఒకరు నిలబడ్డారు. ఏ జాగలో ఎవరు పని చేస్తారో వాళ్లలో వాళ్లకే పూర్తిగా తెలియదు. కూరగాయల జాగ ముగ్గురిలో ఇద్దరు తోడికోడళ్లు, ఒకే కత్తిపీట నీదా నాదా అని వాదించుకున్నారు. దాని పిడి ఎవరు విరగ్గొట్టారో ఆ రోజు తేలింది. ముప్పై ఒక్కరికీ బల్లలు చాల్లేదు. గిరాకీ కోసం వేసిన బల్లల మీద పనివాళ్లు ఎప్పుడూ కూర్చోలేదు. ఎక్కడ కూర్చోవాలో తెలియక గోడ పట్టుకుని నిలబడ్డారు. నర్సింహమ్మ గదమాయించి కూర్చోబెట్టింది.

వెంకటరామయ్యగారు గుమాస్తాను తీసుకుని వచ్చారు. నర్మద పేర్లు అడిగి చెప్తుంటే గుమాస్తా రాశాడు. పుట్టిన సంవత్సరం తెలియనివాళ్లకు ఫలానా కరువు తర్వాతనా ముందా అని అడిగి మేనేజరే లెక్కకట్టారు. మూడు గంటలు పట్టింది. బాకీ సంగతి కూడా ఆ రోజే చెప్పారు. ఇరవై వేలు దాటుతుంది. వాయిదాలకు దరఖాస్తు పెట్టుకోండి, నేను సిఫారసు రాస్తాను అన్నారు. మా బావమరిది చెప్పిందానికంటే తక్కువే. నా దగ్గర ఉన్నదానికంటే ఎక్కువే.

భోజనాలు పెట్టాం. ఆయన తన భోజనానికీ గుమాస్తా భోజనానికీ డబ్బు గల్లా మీద పెట్టి గానీ ఆకు ముందు కూర్చోలేదు. నేనే వడ్డిస్తున్నాను. అప్పుడు ఎల్లవ్వ వచ్చి, మా ఆయన ఫారం ఒకసారి సూపిస్తవా శేటు అంది. ఈదయ్య మూల కుర్చీలో దిండు పెట్టుకుని కూర్చున్నాడు. ఆపరేషన్ అయి మూడు వారాలు, ఇంకా బరువు ముట్టకూడదు. నర్మద ఫారం తీసి చూపించింది. ఎల్లవ్వకు చదువు రాదు, వేలు పెట్టి కింది వరసలు చూపించి అదేంది అని అడిగింది. అది నీ పేరు అని నర్మద చెప్పింది. మాసయ్య కార్డులో మాసయ్య భార్య పేరే ఉండేది. ఎల్లవ్వ పేరు ఏ కాగితంలోనూ లేదు.

"నా పేరెందుకు? నేనీడ పని చెయ్యలే గద."

చెయ్యకపోయినా నీకు రోగమొస్తే చూస్తారు అని నర్మద చెప్పింది.  ఎల్లవ్వ నర్మదను వదిలి, భోజనం చేస్తున్న మేనేజరు దగ్గరికి పోయి నిలబడింది.

"సారూ, ఈయన ఈడ నాలుగు నెలలే ఉంటడు. ఎనిమిది నెలలు ఊళ్లె చెలక చేస్తడు. ఆ ఎనిమిది నెలలల్ల మాకేమన్న అయితే సూస్తరా, సూడరా?"

వెంకటరామయ్యగారు ముద్ద కలిపి చేతిలో పట్టుకుని ఉన్నారు. నోట్లో పెట్టుకోలేదు. గుమాస్తా ముఖం చూశారు. గుమాస్తా నర్మద ముఖం చూశాడు. నర్మద పెన్సిలు తీసింది.

"ఇన్నేళ్లలో నన్ను ఇది ఎవరూ అడగలేదమ్మా" అన్నారు ఆయన.

ఎల్లవ్వ కదల్లేదు. నేను పప్పు గిన్నె పట్టుకుని అక్కడే నిలబడ్డాను.